గుంటకూ సెంటుకూ నడుమ: గరిడేపల్లి సీమ కొలతల్లో ప్రధాన సంఖ్యలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నడుమ ఉన్న గరిడేపల్లి ప్రాంతం 1948 సెప్టెంబరు దాకా నిజాం ఏలుబడిలోని నల్లగొండ జిల్లాలో ఉండేది. కోదాడ దాటి తూర్పుకు పోతే జగ్గయ్యపేట, దక్షిణాన కృష్ణ దాటితే పల్నాడు. ఆ రెండూ అప్పట్లో బ్రిటిష్ వారి మద్రాసు రాజధానిలోని ప్రాంతాలు. రెండు వైపులా మాట్లాడే భాష ఒకటే, పండే వరి ఒకటే, పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలూ ఉన్నవే. అయినా ఎల్లకు ఇటు ఒక రూపాయి, అటు మరొక రూపాయి, ఇటు గుంట, అటు సెంటు చలామణీ అయ్యాయి. రెండు కొలతలు పక్కపక్కన నడిచే చోట ప్రతి లావాదేవీలోనూ ఒక ప్రశ్న తప్పదు: ఈ రెండు సంఖ్యలనూ నిశ్శేషంగా భాగించేది ఏది, ఎంత మొత్తం దగ్గర రెండు లెక్కలూ చిల్లర మిగలకుండా కలుస్తాయి? గణిత గ్రంథాలు సామాన్య కారణాంకమనీ సామాన్య గుణిజమనీ పేరు పెట్టిన ఈ విషయం ఈ సీమలో కల్లంలో, కొట్లో, పట్వారీ దఫ్తరంలో తేల్చుకోక తప్పని వ్యవహారం. దాని చరిత్రను పరిశీలిస్తే, కొలతల్లోకి ఏ ప్రధాన సంఖ్య ఎప్పుడు వచ్చి చేరిందో, దాన్ని తెచ్చినవారెవరో, దానివల్ల ఎవరి లెక్క చక్కబడి ఎవరి లెక్క చిక్కుపడిందో చాలావరకు చెప్పవచ్చు.

ఒకటి కంటె పెద్దదై, ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2, 3, 5, 7, 11, 13 అటువంటివి. ఒకటిని మినహాయిస్తే తక్కినవన్నీ సంయుక్త సంఖ్యలు, అంటే ప్రధాన సంఖ్యల గుణకారంతో ఏర్పడినవి. 40ని విడగొడితే మూడు రెండ్లు, ఒక అయిదు వస్తాయి; 100ని విడగొడితే రెండు రెండ్లు, రెండు అయిదులు వస్తాయి; ఏ దారిన విడగొట్టినా ఈ పట్టీ మారదు. రెండు సంఖ్యల పట్టీల్లో ఉమ్మడిగా ఉన్న ప్రధాన సంఖ్యల లబ్ధమే వాటి గరిష్ఠ సామాన్య భాజకం, బడి పుస్తకాల వాడుకలో గ.సా.భా.; రెండు పట్టీలలో దేనికీ లోటు రాకుండా, అవసరమైనన్ని ప్రధాన సంఖ్యలను మాత్రమే తీసుకుని గుణిస్తే వచ్చేది కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే క.సా.గు. ఉమ్మడి ప్రధాన సంఖ్య ఒక్కటీ లేని జంటను పరస్పర ప్రధాన సంఖ్యలంటారు. 16, 27 విడివిడిగా సంయుక్త సంఖ్యలే అయినా ఆ రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటి తప్ప మరేదీ లేదు. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు యూక్లిడ్ ఈ విషయాలను తన గ్రంథం ఏడో భాగంలో వరుసగా నిరూపించి, తొమ్మిదో భాగంలో ప్రధాన సంఖ్యలకు అంతం లేదని తేల్చాడు. భారతీయ గణితం ఈ సామగ్రిని వేరే అవసరాల నుంచి, భిన్నాలను కలపడం, గ్రహగతులను లెక్కకట్టడం అనే పనుల నుంచి చేరుకుంది. తెలుగు రైతు, తెలుగు కోమటి ధాన్యపు రాశి దగ్గర చేరుకున్నారు.

ధాన్యపు కొలతల వరస తెలుగు నేలపై సాధారణంగా ఇలా నడిచింది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కుంచంలో ఎంత గింజ పడుతుందన్నది ఊరూరికీ మారేది. ఈ నిష్పత్తులు మాత్రం పెద్దగా మారలేదు. గిద్ద నుంచి పుట్టి దాకా ఉన్న ఈ మెట్లన్నిటినీ గుణిస్తే 5120 వస్తుంది, దాన్ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే పది రెండ్లు, ఒకే ఒక్క అయిదు కనిపిస్తాయి. ఆ ఒక్క అయిదూ పై మెట్టులోనే ఉంది: అయిదు తూములను ఏదుమనీ, పది తూములను పందుమనీ, ఇరవై తూములను పుట్టి అనీ పిలవడం దాని ఫలితమే. కింది మెట్లన్నీ రెండుతో, రెండు రెండ్ల నాలుగుతో కట్టినవి. ఇది యాదృచ్ఛికం కాదు. ఒక రాశిని రెండు సమభాగాలు చేయడానికి కొలపాత్ర కూడా అక్కరలేదు, త్రాసు ఉంటే చాలు. సగాన్ని మళ్లీ సగం చేయడానికి కొత్త విద్య అవసరం లేదు. కాపూ కామందూ సగపాలుకు పంచుకునే పంటకు రెండుకు మించిన సంఖ్యతో పని పడదు.

చిక్కు మూడుతో వస్తుంది. ఒక పుట్టి వడ్లను ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే తలా ఆరు తూములు పోను రెండు తూములు మిగులుతాయి. ఆ రెండు తూములను ఎనిమిది కుంచాలు చేస్తే తలా రెండు కుంచాలు పోను రెండు కుంచాలు, వాటిని ఎనిమిది మానికలు చేస్తే తలా రెండు పోను రెండు మానికలు, వాటిని నాలుగు తవ్వలు చేస్తే తలా ఒకటి పోను ఒక తవ్వ, అందులోని ఎనిమిది గిద్దలను పంచితే తలా రెండు పోను రెండు గిద్దలు మిగులుతాయి. మెట్టు మెట్టుకూ శేషం పట్టు విడవకుండా వెంట వస్తూనే ఉంటుంది, ఎందుకంటే 5120లో మూడు లేదు, 3కూ 5120కీ ఉమ్మడి కారణాంకం లేదు. కొలిచేవాడు మొదటి కుంచానికి ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, ఏడో కుంచానికి ఏడు అనకుండా ఆరున్నొక్కటి అంటూ రాశిని కొలిచిన కల్లాల్లో, చివరికి మిగిలిన ఆ పిడికెడు గింజలు ఎవరికి చెందాలన్న తగవు పరస్పర ప్రధాన సంఖ్యల తగవే.

ఈ రెండ్ల ఆధిపత్యం కొలపాత్రలతో ఆగిపోలేదు, అక్షరాల్లోకీ వచ్చింది. పాతిక అంటే నాలుగో వంతు, పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. వీటిని రాయడానికి తెలుగు లెక్కల పుస్తకాల్లో ప్రత్యేకమైన గుర్తులుండేవి. నాలుగో వంతులను నిలువు గీతలతో, పదహారో వంతులను అడ్డ గీతలతో, అరవైనాలుగో వంతులను మళ్లీ నిలువు గీతలతో సూచించే ఈ పద్ధతిలో ప్రతి స్థానం విలువ ముందు స్థానం విలువలో నాలుగో వంతు. పదహారింట పదకొండు వంతులు రాయాలంటే రెండు నిలువు గీతలు, మూడు అడ్డ గీతలు చాలు. దశాంశ పద్ధతి పదిని ఆధారం చేసుకున్నట్టే ఈ పద్ధతి నాలుగును ఆధారం చేసుకుంది, కాబట్టి హారంలో రెండ్లు తప్ప మరేదీ లేని భిన్నం మాత్రమే ఇందులో ముగుస్తుంది. మూడో వంతును ఇందులో రాయబోతే పాతిక, దాని మీద వీసం, దాని మీద అరవైనాలుగో వంతు అంటూ ఒక్కొక్క గీత చొప్పున ఎంతదూరం పోయినా అంతం ఉండదు. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 కూర్పులో ఈ భిన్నాంకాలకూ తూము గుర్తుకూ తెలుగు అక్షరాల పక్కన స్థానం దక్కింది. వాటిని చదవగలిగినవారు తగ్గిపోయిన కాలంలో అవి కంప్యూటరులోకి చేరడం సంతోషించవలసిన సంగతి.

వీధిబడుల్లో ఎక్కాలతో పాటు ఈ భిన్నాల పట్టీలూ, నాణేల, తూనికల, కొలతల మార్పిడి పట్టీలూ కంఠస్థం చేయించేవారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశవాళీ బడుల వివరాలు అడిగినప్పుడు బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ చదువు తీరును వర్ణిస్తుంది. ప్రధాన సంఖ్య అన్న భావన ఆ బడుల్లో విడిగా బోధించబడలేదు. అది ఏ కొలత ఎక్కడ తెగుతుంది, ఎక్కడ తెగదు అన్న అభ్యాసంలో ఇమిడి ఉంది.

తూనికల్లో పరిస్థితి కొంత మెరుగు. మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ అన్న వరసలో మూడు కూడా చేరింది. వీశెకు 120 తులాలు. 120 విడగొడితే మూడు రెండ్లు, ఒక మూడు, ఒక అయిదు, కాబట్టి దాన్ని ఇద్దరికీ, ముగ్గురికీ, నలుగురికీ, అయిదుగురికీ, ఆరుగురికీ, ఎనమండుగురికీ, పదిమందికీ మిగులు లేకుండా పంచవచ్చు. 120కి 16 భాజకాలున్నాయి, అంతకంటె చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. 1915లో శ్రీనివాస రామానుజన్ ఇటువంటి సంఖ్యలను గురించే ఒక సుదీర్ఘ పరిశోధన పత్రం ప్రచురించాడు. ఉత్తరాది నుంచి ప్రామాణికంగా వచ్చిన పక్కా శేరుకు 80 తులాలు. 80కీ 120కీ గ.సా.భా. 40, క.సా.గు. 240, కనుక మూడు పక్కా శేర్లు రెండు వీశెలకు సరిపోతాయి. ఈ జంట సులువుగా కలిసిపోవడానికి కారణం రెండింటిలోనూ మూడు రెండ్లు, ఒక అయిదు ఉమ్మడిగా ఉండడమే.

శాస్త్రంలో ఈ పనికి నియమం చెప్పిన గ్రంథం తెలుగువారికి చాలా ముందే అందింది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను పావులూరి మల్లనకు దానమిచ్చిన సంగతిని పట్టుకుని గ్రంథకర్త 11వ శతాబ్దివాడని కొందరూ, దానం పుచ్చుకున్నది తాత మల్లన, గ్రంథం రాసింది మనుమడు మల్లన అని కొందరూ వాదించారు. ఎవరి వాదం నెగ్గినా తెలుగులో తొలి శాస్త్ర గ్రంథాల్లో ఇదొకటి అన్న గౌరవం చెక్కుచెదరదు. మహావీరుడు భిన్నాలను సవర్ణం చేసే సందర్భంలో, అంటే వాటిని ఒకే హారానికి తెచ్చే సందర్భంలో, నిరుద్ధం అనే దాన్ని నిర్వచించాడు: హారాల ఉమ్మడి కారణాంకాలనూ, వాటితో భాగించగా మిగిలిన లబ్ధాలనూ గుణిస్తే వచ్చేది నిరుద్ధం. అదే క.సా.గు. హారాలన్నిటినీ గుడ్డిగా గుణించి పెద్ద సంఖ్య చేసుకోవడానికి బదులు ఉమ్మడి భాగాన్ని ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలన్న ఈ సూక్ష్మం, యూరపులో క.సా.గు. వాడుక స్థిరపడడానికి కొన్ని శతాబ్దాల ముందు దక్కనులో గ్రంథస్థమైంది. అదే మహావీరుడు కంఠాభరణాల వంటి గుణకారాలను కూడా కూర్చాడు: 139ని 109తో గుణిస్తే 15151, 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 139, 109, 73 మూడూ ప్రధాన సంఖ్యలు. అటువంటి ఫలితాలను కావాలని తయారు చేయాలంటే పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే ఓపిక, నేర్పు ఉండి తీరాలి.

ఇంకా లోతైన దారి కుట్టకం. 499 నాటి ఆర్యభటీయంలో క్లుప్తంగా కనిపించే ఈ ప్రక్రియ, రెండు సంఖ్యలను ఒకదానితో ఒకటి భాగిస్తూ, శేషంతో మళ్లీ భాజకాన్ని భాగిస్తూ, ఇక శేషం రాని చోటికి చేరేదాకా సాగుతుంది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు పరస్పర భాగహారంలో చివరికి నిలిచే ఆ శేషమే అపవర్తనమని, అంటే గ.సా.భా. అని చెప్పాడు, ఈ గ్రంథం ఎలుగంటి పెద్దన ప్రకీర్ణ గణితం ద్వారా తెలుగులోకి వచ్చింది. భాజ్యాన్ని దేనితో గుణించి కొంత కలిపితే హారంతో నిశ్శేషంగా తెగుతుందో కనుక్కునే ఈ లెక్కకు భాస్కరుడు మరొక షరతు చేర్చాడు: భాజ్యాన్నీ హారాన్నీ భాగించే సంఖ్య క్షేపాన్ని, అంటే కలిపే మొత్తాన్ని భాగించకపోతే, ఆ లెక్క దుష్టం; దానికి సమాధానమే లేదు. ఈనాటి ధాన్యపు వ్యాపారంలో ఇది కళ్లెదుట కనిపిస్తుంది. 75 కిలోల బస్తాలు కొన్ని, 40 కిలోల బస్తాలు కొన్ని నిండుగా కట్టి సరిగ్గా 1003 కిలోలు చేయమంటే ఎంత కూర్చినా కుదరదు, ఎందుకంటే 75కూ 40కీ గ.సా.భా. 5, అది 1003ను భాగించదు. గంటసేపు కూడికలు చేయకుండా ఒక్క భాగహారంతో లెక్క అసాధ్యమని చెప్పగల ఈ షరతు, సమాధానం కనుక్కోవడం కంటె గొప్ప విద్య.

కుట్టకం అసలు పని ఖగోళంలో. ఆర్యభటుని లెక్కలో ఒక మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు, 157,79,17,500 దినాలు. ఈ రెండింటికీ గ.సా.భా. 7500, దానితో తగ్గిస్తే 576, 2,10,389 మిగులుతాయి, ఆ మిగిలిన వాటికి ఉమ్మడి కారణాంకం లేదు. అంటే 576 సంవత్సరాలకు 2,10,389 దినాలు సరిగ్గా సరిపోతాయి, అంతకంటె ముందు ఏ సంవత్సరాంతమూ దినాంతంతో పూర్తిగా కలవదు. ఏడో శతాబ్దిలో మొదటి భాస్కరుడు తన గణితాన్ని ఈ తగ్గించిన సంఖ్యలతోనే నడిపాడు. తగ్గించిన జంటకు పూర్వులు పెట్టిన పేరు దృఢం. తెలుగు పంచాంగంలోని అరవై సంవత్సరాల చక్రం కూడా ఇటువంటి కలయికే అని చెప్పడం వాడుకలో ఉంది: గురుడు రాశిచక్రాన్ని సుమారు 12 ఏళ్లకు, శని సుమారు 30 ఏళ్లకు చుట్టివస్తారు, 12కూ 30కీ క.సా.గు. 60.

అరవైకి మరొక తెలుగు చరిత్ర ఉంది. గుంటూరు జిల్లా యాజలిలో 1921లో పుట్టి, కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో స్థిరపడిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు సంఖ్యా సిద్ధాంతంలో లోకప్రసిద్ధుడు. ఒక సంఖ్యను ఒక భాజకంతో భాగిస్తే వచ్చే లబ్ధానికీ ఆ భాజకానికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే దాన్ని యూనిటరీ భాజకం అంటారు. 60కి అటువంటివి, 60ని విడిచిపెట్టగా, 1, 3, 4, 5, 12, 15, 20; వీటిని కూడితే మళ్లీ 60 వస్తుంది. 2 ఈ పట్టీలో లేకపోవడానికి కారణం, 60ని 2తో భాగిస్తే వచ్చే 30లో మరొక 2 మిగిలి ఉండడం. ఈ గుణం గల సంఖ్యలను గురించి సుబ్బారావు, వారెన్ 1966లో ప్రచురించిన వ్యాసంలో 6, 60, 90, 87360 అన్న నాలుగు సంఖ్యలు చూపారు. ఆ తర్వాత ఇరవైనాలుగు అంకెల అయిదోది దొరికింది. ప్రభవ నుంచి అక్షయ దాకా లెక్కపెట్టుకునే సమాజం నుంచి వెళ్లిన పండితుడు అరవైలో ఈ అందాన్ని చూపడం తెలుగు పాఠకులందరికీ తెలియవలసిన సంగతి.

భూమి కొలతలో మరొక ప్రధాన సంఖ్య, పదకొండు, ఇంగ్లండు నుంచి దిగుమతి అయింది. అక్కడి పాత కొలకర్ర అయిదున్నర గజాలు, అంటే పదకొండులో సగం; 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన సర్వే గొలుసు నాలుగు కర్రలు, అంటే 22 గజాలు, 66 అడుగులు. ఎకరమంటే అటువంటి గొలుసుల పది చదరాలు, 4840 చదరపు గజాలు. 4840ని విడగొడితే మూడు రెండ్లు, ఒక అయిదు, రెండు పదకొండులు. మద్రాసు రాజధాని ఎకరాన్ని 100 సెంట్లు చేసింది. హైదరాబాదు సంస్థానం దివాను సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత 19వ శతాబ్ది చివరి పాదంలో సర్వే సెటిల్‌మెంటు చేపట్టినప్పుడు బొంబాయి పద్ధతిని అనుసరించింది. అందులో గొలుసు 33 అడుగులు, ఆ గొలుసు చదరం ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం, గుంటకు 16 అణాలు. గుంట అంటే పదకొండు గజాల పొడవు, పదకొండు గజాల వెడల్పు గల చదరం, 121 చదరపు గజాలు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. 40కీ 100కూ గ.సా.భా. 20, కాబట్టి రెండు గుంటలు అయిదు సెంట్లు. కోదాడకు ఇటు గుంటల్లో చెప్పిన పొలాన్ని జగ్గయ్యపేట వైపు చుట్టం సెంట్లలో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క ముక్క చాలు, ఈనాటికీ అక్కడ భూమి బేరాల్లో ఇదే నడుస్తుంది. గుంటలు సరిసంఖ్యలో ఉంటే సెంట్లు నిండుగా వస్తాయి, బేసి సంఖ్యలో ఉంటే అరసెంటు తేలుతుంది.

పదకొండు మాత్రం ఇళ్ల స్థలాల దగ్గర సతాయిస్తుంది. జాతీయ రహదారి వెంట పొలాలను 200 చదరపు గజాల ప్లాట్లుగా కోసేవారికి గుంట 121 గజాలు కావడం అడ్డుపడుతుంది. 200ని 121తో భాగిస్తే శేషం 79, 121లో 79 పోతే 42, 79లో 42 పోతే 37, 42లో 37 పోతే 5, 37ను 5తో భాగిస్తే 2, 5ను 2తో భాగిస్తే 1: పరస్పర భాగహారం ఒకటి దగ్గర ఆగింది, అంటే ఉమ్మడి కారణాంకం లేదు. ఎకరానికి 24 ప్లాట్లు పోను 40 గజాల ముక్క మిగులుతుంది. దారులు విడవకుండా లెక్కిస్తే అయిదు ఎకరాల దగ్గర గానీ సరిగ్గా 121 ప్లాట్లై చిల్లర లేకుండా తెగదు. ఇంగ్లండులో పొలం కొలిచే కర్ర అయిదున్నర గజాలు కావడం వల్ల ఇక్కడ ప్లాటు హద్దు దగ్గర తగవు రావడం చరిత్రలోని వింత.

అన్నిటికంటె ఆసక్తికరమైనది నాణెం. నిజాం రాజ్యపు హాలీ సిక్కాకూ బ్రిటిష్ రూపాయికీ లోపలి విభజన ఒకటే: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తం 192 పైలు, అంటే ఆరు రెండ్లు, ఒక మూడు. ఈ రెంటి మధ్య అధికారిక మారకం 100 బ్రిటిష్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు, అంటే ఆరుకు ఏడు. ఇక్కడ తెలుగు నేల లెక్కల్లోకి ఏడు ప్రవేశించింది. జగ్గయ్యపేట నుంచి ఒక బ్రిటిష్ రూపాయి తెచ్చినవాడికి ఇటువైపు ఒక రూపాయి 2 అణాల 8 పైలు రావాలి. 192ను 6 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఈ మొత్తం పై దాకా ఖచ్చితం. గరిడేపల్లి నుంచి ఒక హాలీ రూపాయి పట్టుకుని అటు పోయినవాడికి 13 అణాల 8 పైలు, మరొక పైలో ఏడింట నాలుగు వంతులు రావాలి. ఏడింట నాలుగు వంతుల నాణెం ఏ టంకశాలలోనూ లేదు, 192లో ఏడు లేదు కాబట్టి ఉండే వీలూ లేదు. ఏడు రూపాయలు, పద్నాలుగు రూపాయలు, ఇలా ఏడు గుణిజాలు మార్చుకున్నప్పుడే నిండు రూపాయలు వస్తాయి. ఇటునుంచి అటు పోయే చిన్న మొత్తాల్లో ప్రతిసారీ ఒక పై కంటె తక్కువ శేషం సర్దుబాటు కావలసి వచ్చేది, ఆ సర్దుబాటు సొమ్ము మార్చేవాడి చేతిలో ఉండేది. పెద్ద వ్యాపారి ఏడు వందలో ఏడు వేలో మార్చుకుని లెక్క సరిచూసుకోగలడు. రెండు రూపాయలు మార్చుకునే కూలికి ఆ వెసులుబాటు లేదు. ప్రధాన సంఖ్యకు పేదా గొప్పా తేడా తెలియదు గానీ, దాని శేషం ఎప్పుడూ చిన్న మొత్తం గలవాడి మీదనే ఎక్కువ బరువై పడింది.

హాలీ సిక్కా 1950 దశకంలో కనుమరుగైంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు అన్న దశాంశ పద్ధతి వచ్చినప్పుడు మరొక జంట ఎదురైంది: 16లో నాలుగు రెండ్లు, 100లో రెండు రెండ్లు, రెండు అయిదులు, గ.సా.భా. 4. అందువల్ల నాలుగణాలు 25 పైసలై, ఎనిమిదణాలు 50 పైసలై నిండుగా నిలిచాయి. అణా మాత్రం ఆరుంబావు పైసలైంది. అధికారిక పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 పైసలు అని సర్దుబాటు చేశారు. తెలంగాణ మాటల్లో చారాణా, ఆఠాణా, బారాణా దశాంశ నాణేలకూ అతుక్కుని బతకగా అణా, బేడ పోవడానికి ఈ నాలుగే కారణం. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెతలోని రెండు మొత్తాలూ నాలుగణాల గుణిజాలే. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో వీశె, శేరు పోయి కిలో వచ్చింది, నాణేలూ తూనికలూ రెండు, అయిదు అన్న రెండే ప్రధాన సంఖ్యల మీద నిలిచాయి. మూడు మళ్లీ బయటికి పోయింది. కిలోను ముగ్గురికి పంచితే 333 గ్రాముల తర్వాత శేషం మిగలడం అందుకే. దేశమంతటికీ ఒకే కొలత దక్కడం గొప్ప మేలే అయినా, 120 తులాల వీశెకున్న పంపక సౌలభ్యం వెయ్యి గ్రాముల కిలోకు లేదన్నది ఒప్పుకోవలసిన నిజం.

చిన్న ప్రధాన కారణాంకాలు మాత్రమే గల సంఖ్యలు ఎంత అరుదన్న ప్రశ్న ఆధునిక గణితంలో ఒక పెద్ద శాఖ అయింది. 5120, 192, 120 వంటివి వందలోపు, వేయిలోపు తరచుగా తగులుతున్నట్టు కనిపించినా, సంఖ్యలు పెరిగేకొద్దీ పలచబడిపోతాయి. ఒక హద్దుకు మించిన ప్రధాన కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని ఉంటాయో అంచనా కట్టే ఫలితాలను వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి 1949లో అమెరికన్ మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించాడు. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే నేటి కంప్యూటరు పద్ధతులకు ఆ కోవకు చెందిన అంచనాలే పునాది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని తిరిగి విడగొట్టడం అసాధ్యమంత కష్టం కావడం మీద ఇప్పుడు ఇంటర్నెట్‌లో సందేశాల, చెల్లింపుల భద్రతలో ఒక పెద్ద భాగం ఆధారపడి ఉంది.

ఆరో తరగతి పుస్తకంలో గ.సా.భా., క.సా.గు. పాఠం చదివే గరిడేపల్లి పిల్లలకు ఆ పాఠం పరాయిది కానక్కరలేదు. గుంటలు, సెంట్లు, బస్తాలు వాళ్ల ఇళ్లలో రోజూ వినిపించే మాటలు. రెండు గుంటలు అయిదు సెంట్లు ఎందుకయ్యాయో అడిగితే సామాన్య భాజకం దానంతటదే బయటపడుతుంది. ఈ చరిత్రకు మిగిలిన సాక్ష్యాలు కుంచాలు, సోలలు, వీశె రాళ్లు, హాలీ సిక్కా లెక్కలున్న పాత కొట్టు పుస్తకాలు, గుంట అణాల్లో రాసిన పహాణీలు. ఇవి ఈ సీమలో ఎవరి ఇంట్లో ఉన్నా పాత ఇత్తడికీ చిత్తుకాగితాలకూ తూకానికి వేయకుండా ఊరి ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయులకు చూపించాలి. ఉపాధ్యాయులు వాటిలోని ఒక్క పేజీ లెక్కనైనా పిల్లల చేత ప్రధాన కారణాంకాలుగా విడగొట్టించి, ఆ పేజీకి ఫొటో తీసి పాఠశాల గ్రంథాలయంలో భద్రపరచాలి.